ఆ బలం ఎక్కడిది?

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. వాళ్ళ సెక్షన్‌కు సాయంత్రం 40 నిమిషాల గేమ్స్ పీరియడ్ ఉంది. మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో కొందరు తల్లిదండ్రులు దాన్ని తీసేసి ఫౌండేషన్ కోర్సుకు స్టడీ అవర్‌గా మార్చమన్నారు. ఇంకొందరం వద్దన్నాం. చేతులెత్తించి లెక్కపెడితే దాదాపు సగం సగం వచ్చింది. మా ఆవిడా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం, ఆమె చెయ్యి స్టడీ అవర్ వైపు లేచింది, నాది గేమ్స్ వైపు. ప్రిన్సిపాల్ మేడమ్ నవ్వి, నిర్ణయాన్ని వచ్చే మీటింగ్‌కు వాయిదా వేశారు. "ఈలోగా ఎవరికైనా చెప్పాల్సింది ఉంటే మన పత్రికకు రాసివ్వండి" అన్నారు.

నేను ఫిజియోథెరపిస్టును, కాబట్టి చెప్పాల్సింది కొంచెం ఉంది. అయితే గోల్ఫ్ నుంచి మొదలుపెట్టాలి. తిరుపతిలో గోల్ఫ్ ఏమిటి అనుకోవద్దు, ఈ వేసవిలో మా ఇంట్లో నడిచిన చర్చంతా దాని గురించే.

మా అక్కావాళ్ళు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటారు. అమెరికాలోని గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం, పీజీఏ ఆఫ్ అమెరికా, 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని ఆ ఊరికే మార్చుకుంది. అక్క కొడుకు అక్కడ హైస్కూల్ గోల్ఫ్ జట్టులో ఆడతాడు. పదహారేళ్ళు, సన్నగా చువ్వలా ఉంటాడు. సెలవులకు వస్తూ ఒక కర్ర, ఓ సంచీడు ప్లాస్టిక్ బంతులు తెచ్చుకున్నాడు. సాయంత్రమైతే మేడ మీద వాడి ప్రాక్టీసు, చుట్టుపక్కల పిలకాయలంతా ప్రేక్షకులు. అసలు బంతైతే 230 మీటర్లు కొడతానని వాడు చెబితే ఎవరూ నమ్మలేదు. పక్కింటి అబ్బాయి రోజూ జిమ్‌కు వెళ్తాడు, వాడి దండలు మావాడి తొడలంత ఉంటాయి. "ఈ చేతుల్తోనా?" అని నవ్వి, కర్ర తీసుకుని బలమంతా పెట్టి కొట్టాడు. బంతి పిట్టగోడ దాటలేదు. మావాడు కొడితే అవతలి మేడ మీద పడింది.

అప్పటిదాకా మూలన కూర్చుని పూలు కట్టుకుంటున్న మా అమ్మ తలెత్తి చూసింది. "వాడు చేతుల్తో కొడతా ఉండాడు. వీడు నడుంతో కొడతా ఉండాడు" అంది. జీవితమంతా కట్టెలు కొట్టి, చెనక్కాయలు పెరికిన మనిషి ఆమె. నేను నాలుగేళ్ళు కాలేజీలో చదివింది రెండు వాక్యాల్లో తేల్చేసింది.

మా అమ్మాయి వదల్లేదు. "నడుమంటే ఏ కండరం నాన్నా? సరిగ్గా చెప్పు."

సరిగ్గా చెప్పాలంటే ముందు చిన్న లెక్క చేయాలి. ఎనిమిదో తరగతి ఫిజిక్స్ వచ్చిన పిల్లలు మీ ఇంట్లో ఉంటే వాళ్ళతోనే చేయించండి. గోల్ఫ్‌లో దూరం కొట్టే కర్రను డ్రైవర్ అంటారు. దాని తల బరువు సుమారు 200 గ్రాములు. మంచి ప్రొఫెషనల్ దాన్ని బంతికి తగిలే క్షణానికి గంటకు 180 కిలోమీటర్ల వేగానికి తెస్తాడు, అంటే సెకనుకు 50 మీటర్లు. గతిశక్తి 250 జౌళ్ళు వస్తుంది. కర్రను పైనుంచి కిందికి దించడానికి పట్టే సమయం పావు సెకను మాత్రమే. 250ని 0.25తో భాగిస్తే 1000 వాట్లు. మన ఇళ్ళలో సంపు నుంచి మేడమీది ట్యాంకుకు నీళ్ళెక్కించే ఒక హార్స్‌పవర్ మోటారు 746 వాట్లు. అంటే ఆ పావు సెకనులో ఒక మనిషి ఇంటి మోటారును మించి పనిచేస్తున్నాడు. ఇది కర్ర తలకు మాత్రమే వేసిన లెక్క. దానితోపాటు తిరిగే రెండు చేతులూ ఏడు కిలోల దాకా ఉంటాయి, వాటిని కదిలించే ఖర్చు వేరే.

అద్దం ముందు మడిచి చూసుకునే బైసెప్స్ కండరం అర కిలో కూడా తూగదు. ఒక హార్స్‌పవర్ దాని వల్ల కాదు. అలాస్టెయిర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ అనే ఇద్దరు 1968లో బ్రిటన్‌లో గోల్ఫ్ ఊపు మీద ఒక పుస్తకం వేశారు. వాళ్ళు కూడా ఇలాంటి లెక్కే వేసి, ఇంత శక్తికి శరీరంలోని పెద్ద కండరాలన్నీ కావాలనీ, కాబట్టి ఇంజను కాళ్ళలోనూ తుంటిలోనూ ఉండాలనీ తేల్చారు.

లెక్క తర్వాత కొలత వచ్చింది. 1980ల్లో, 90ల్లో కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జోబ్ అనే ఎముకల డాక్టరూ ఆయన బృందమూ గోల్ఫ్ ఆటగాళ్ళ కండరాల్లోకి సన్నని తీగలు పంపి, ఊపు సాగేటప్పుడు ఏ కండరంలో ఎంత విద్యుత్తు పుడుతుందో నమోదు చేశారు. గుండెకు ఈసీజీ తీసినట్టు కండరాలకు తీసేది ఈఎంజీ. బేస్‌బాల్ ఆటగాళ్ళ మోచేతికి 1974లో కొత్తరకం ఆపరేషన్ చేసి పేరు తెచ్చుకున్న డాక్టరు ఈయనే. భుజం దగ్గర ఆయనకు కనిపించిన సంగతి చాలామందికి ఆశ్చర్యం కలిగించింది. భుజానికి గుండ్రటి ఆకారమిచ్చే డెల్టాయిడ్, జిమ్‌లో అందరూ పెంచుకునేది, ఊపులో పెద్దగా పని చేయడం లేదు. ఛాతీలోని పెక్టొరాలిస్, వీపు పక్కనుంచి చంక కిందికి వచ్చే లాటిసిమస్ డోర్సై, భుజం కీలు లోపల దాగి ఉండే సబ్‌స్కాపులారిస్ గట్టిగా పనిచేస్తున్నాయి. పైగా కుడి, ఎడమ రెండు వైపులా.

ఇవి కూడా రెండో అంకంలోనే రంగం మీదికి వస్తాయి. మొదటి అంకం కింద జరుగుతుంది. కుడిచేతి వాటం ఆటగాడిని ఊహించుకోండి. కర్ర వెనక్కి ఎత్తినప్పుడు బరువు కుడికాలి మీద ఉంటుంది. కర్ర ఇంకా పైకి పోతుండగానే ఎడమ పాదం నేలను తొక్కడం మొదలుపెడుతుంది. కుడి పిరుదులోని గ్లూటియస్ మాక్సిమస్, తొడ వెనుక కండరాలు తుంటిని ముందుకు నెడతాయి. ఎడమ తొడ లోపలి వైపు కండరాలు దాన్ని లాగుతాయి. ఒకటి తోస్తే ఒకటి లాగడం వల్ల, తిరగలి తిరిగినట్టు తుంటి గిర్రున తిరుగుతుంది. ఆ క్షణానికి ఛాతీ ఇంకా వెనక్కే చూస్తుంటుంది. తుంటి ఇటు, ఛాతీ అటు. మధ్యలో పొట్టకు పక్కలుగా ఏటవాలుగా ఉండే ఆబ్లిక్స్ కండరాలు తడిబట్ట పిండినట్టు మెలితిరిగి సాగుతాయి. సాగిన కండరం వెంటనే ముడుచుకుంటే మామూలుకంటే గట్టిగా ముడుచుకుంటుంది. ఎగిరే ముందు మనం మోకాళ్ళు వంచేది అందుకే. ఆబ్లిక్స్ ముడుచుకోగానే ఛాతీ తిరుగుతుంది, ఛాతీ వెంట చేతులు, చేతుల వెంట కర్ర. చివర్లో ఎడమ మోకాలు నిటారుగా సాగి నేలను తన్నుతుంది. కొందరు ఆటగాళ్ళ మడమ ఆ క్షణంలో నేల విడిచి లేస్తుంది కూడా.

మణికట్టు గురించి మా పక్కింటి అబ్బాయి పట్టుబట్టి అడిగాడు. మణికట్టు తలుపుకుండే మడతబందు లాంటిది. తలుపు దాని మీదే తిరుగుతుంది, కానీ తలుపును తోసేది అది కాదు. చేతులు వేగంగా తిరుగుతుంటే కర్ర తనంతట తానే విసురుగా బయటికి పోతుంది. బిగపట్టి పట్టుకుంటే ఆ విసురు చచ్చిపోతుంది. వాడి బంతి పిట్టగోడ దాటకపోవడానికి సగం కారణం అదే.

చెర్నాకోల ఝళిపించడం చూసినవాళ్ళకు ఇదంతా చెప్పనక్కర్లేదు. పిడి పట్టిన చెయ్యి కొంచెమే కదిలి ఆగిపోతుంది. ఆ వేగం తాడు పొడవునా పాకి, కొసకు చేరేసరికి ఛెళ్ళుమంటుంది. శరీరంలోనూ అంతే. తుంటి ముందు వేగం అందుకుని తగ్గుతుంది, ఆ తర్వాత ఛాతీ అందుకుని తగ్గుతుంది, తర్వాత చేతులు. ప్రతి ఒక్కటీ తను నెమ్మదిస్తూ పైదానికి వేగం అప్పజెబుతుంది. వరస తప్పితే బలం ఉన్నా దండగే. చిన్నప్పుడు స్వర్ణముఖి ఒడ్డున బండకేసి బట్టలుతికేవాళ్ళను చూశాను. నీళ్ళు కారే ఆ దుప్పట్ల బరువుకు రోజంతా చేతులతోనే కొట్టాలంటే ఏ మనిషికైనా మధ్యాహ్నానికి భుజాలు పడిపోతాయి. వాళ్ళు మడమ ఎత్తి, తుంటి తిప్పి కొట్టేవాళ్ళు. నేర్పిన కోచ్ ఎవరూ లేరు.

మావాడికి ఇష్టమైన ఆటగాడు సాహిత్ తీగల. హైదరాబాద్ నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబంలో 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో చదువుతూ 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో మేటి ఆటగాడికిచ్చే హాస్కిన్స్ అవార్డు అందుకున్నాడు. 2023 సెప్టెంబరులో నాపాలో జరిగిన ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు, పీజీఏ టూర్‌లో అతని మొదటి విజయం అది. వీడియోలు చూస్తుంటే నా కళ్ళు బంతి మీద కాకుండా అతని వెన్ను మీదికి పోయాయి, వృత్తి దోషం. అతనికి చిన్నప్పటి నుంచి స్కోలియోసిస్ ఉంది, అంటే వెన్నెముక పక్కకు వంపు తిరిగి ఉంటుంది. ఊపులో అతని నడుము పక్కకు వాలే తీరు పుస్తకాల్లో బొమ్మలా ఉండదు. ఆ వెన్నుతోనే, తనకు కుదిరిన పద్ధతిలో, తుంటి నుంచి కర్ర దాకా వరస కుదుర్చుకున్నాడు. పిల్లల నడకనీ నిలబడే తీరునీ పక్కవాళ్ళ పిల్లలతో పోల్చి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చే తల్లిదండ్రులకు ఈ మధ్య అతని వీడియో చూపిస్తున్నాను.

(అతని గురించి గోల్ఫ్‌తో సంబంధం లేని మాట ఒకటి. 2024 టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో, ఇసుక గుంటలోంచి కొట్టేటప్పుడు కర్ర వెనక్కి తీస్తుంటే ఇసుకకు తగిలిందనిపించి, తనే వెళ్ళి అధికారులకు చెప్పాడు. రెండు స్ట్రోకుల జరిమానా పడింది. అయినా మూడో స్థానంలో నిలిచాడు. మా అమ్మాయి గోడకు అతని ఫొటో అంటించుకుంది ఇది విన్న తర్వాతే.)

ఇక మన పిల్లల సంగతి. గ్లూటియస్ మాక్సిమస్ మన శరీరంలోకెల్లా పెద్ద కండరం. ఊపు మొదలయ్యేది దానితో, పరుగు దానితో, ఎగరడం దానితో, మెట్లెక్కడం దానితో. మా అమ్మాయి రోజును కాగితం మీద వేసి చూశాను. బస్సులో, క్లాసులో, హోంవర్కు దగ్గర, భోజనం దగ్గర, ఫోను దగ్గర కలిపి పదకొండు గంటలు ఆ కండరం మీద కూర్చునే ఉంది. తొడల ముందు భాగంలో తుంటిని వంచే కండరాలు అన్ని గంటలూ ముడుచుకునే ఉంటాయి. కొన్నేళ్ళకు అవి పొట్టిగా బిగుసుకుంటాయి, వెనకవి బద్ధకిస్తాయి.

క్లినిక్‌కు వచ్చే పిల్లలను మొదట మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోమంటాను. చాలామంది వెనక్కి పడిపోతారు. వాళ్ళను తీసుకొచ్చిన అవ్వాతాతలు మాత్రం నవ్వుతూ కూర్చుని చూపిస్తారు. తర్వాత ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడమంటాను, నడుం పక్కకు జారకూడదు. ఆ తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి తుంటి పైకెత్తమంటాను. పిరుదు బిగించాల్సిన చోట చాలామంది నడుం బిగిస్తారు. ఇవి మీరు ఈ రాత్రే ఇంట్లో చేయించి చూడొచ్చు. పిల్లలతో పాటు మీరూ చేస్తే ఇంకా మంచిది, వాళ్ళకు కాస్త వినోదం.

తుంటి తిరగకపోతే ఏమవుతుందంటారా? బంతి ఎలాగైనా కొట్టాలి కదా. తుంటి చేయని పని నడుం చేస్తుంది, నడుం చేయలేనిది భుజం చేస్తుంది. నడుం వెన్నుపూసలు ముందుకూ వెనక్కూ వంగడానికి అమరినవి, గుండ్రంగా తిరగడానికి కాదు. గోల్ఫ్‌లో ఎక్కువగా వచ్చే నొప్పి చేతికి కాదు, నడుముకు. మన ఊళ్ళో గోల్ఫ్ లేదు, క్రికెట్ ఉంది. ఫాస్ట్ బౌలింగ్‌లోనూ ఇదే వరస, ఇదే నడుము.

రెండు నెలల క్రితం తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు నడుం నొప్పితో వచ్చాడు. చిత్తూరు వైపు పల్లె, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. వారమంతా కూర్చోవడం, ఆదివారం ఒక్కరోజే నాలుగైదు గంటలు బౌలింగ్. వాళ్ళ నాన్న మామిడి తోటల రైతు. "చేతుల్లో సత్తువ లేదు సార్, ఏదన్నా ప్రోటీన్ పౌడర్ రాయండి" అన్నాడు. ఎమ్మారైలో నడుం వెన్నుపూస ఒకదానిలో సన్నని చీలిక మొదలయ్యే దశ కనిపించింది. ఎదిగే వయసులో వేగంగా బౌలింగ్ చేసే పిల్లల్లో ఇది తరచూ చూసేదే. సమయానికి ఆపితే మానుతుంది. పౌడర్‌తో దానికి సంబంధం లేదు. ఆరు రోజులు నిద్రపోయిన కండరాలను ఏడో రోజు ఒక్కసారిగా లేపి పని చెప్పడమే అసలు చిక్కు.

అందుకే నేను గేమ్స్ పీరియడ్ వైపు చెయ్యెత్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు వంచే శ్రమ కావాలి. వారానికి కనీసం మూడు రోజులు కండరాలకు బలమిచ్చేది కూడా ఉండాలి. మన బడి ఇస్తున్నది 40 నిమిషాలు. అందులో వరసలో నిలబడటం, నీళ్ళు తాగడం పోగా ఎంత మిగులుతుందో మీకు తెలుసు. ఆదివారం క్రికెట్ దానికి బదులు కాదని ఆ అబ్బాయి నడుమే చెబుతోంది.

మా ఆవిడ వాదన కూడా ఇక్కడ రాయాలి, లేకపోతే అన్యాయం. చదువు బడిలోనే పూర్తయితే పిల్ల ఇంటికొచ్చాక హాయిగా ఉంటుంది, త్వరగా పడుకుంటుంది అంటుంది ఆమె. ఆ మాటలో నిజం ఉంది. రాత్రి పదిన్నరకు లెక్కలు చేసే పిల్లను చూస్తే నాకూ బాధే. కానీ బడిలో పోయిన ఆటను ఇంటి దగ్గర ఎక్కడ తెచ్చిపెడతాం? మా వీధిలో ఆడుకునే స్థలం మిగల్లేదు, ఉన్న చోట కార్లు పెట్టారు. పిల్లలు ఇరవై మంది ఒకేచోట దొరికేది బడిలోనే. లెక్కలు ఒక్కరే కూర్చుని చేసుకోవచ్చు, కబడ్డీకి మాత్రం మనుషులు కావాలి. ఈ మాటకు ఆమె ఇంకా జవాబు చెప్పలేదు. ఒప్పుకున్నట్టు కాదు, ఆలోచిస్తోంది.

పీరియడ్ ఉన్నా పోయినా, ఖర్చులేని ఉపాయాలు కొన్ని మన ఊళ్ళోనే ఉన్నాయి. అలిపిరి మెట్లు 3550. మోకాళ్ళ పర్వతం దగ్గర ఒక్కో మెట్టుకూ పిరుదు కండరం ఎలా బిగుస్తుందో చెయ్యి పెట్టి చూసుకోండి. ఏ జిమ్ మిషనూ అలా పనిచేయించదు. రోజూ కొండెక్కమనడం లేదు. అపార్టుమెంటులో లిఫ్టు మానితే చాలు. నేల మీద కూర్చుని అన్నం తిని, చేతులు ఆనించకుండా లేవడం మరొకటి. మూడోది గోటీబిళ్ళ. బిళ్ళంగోడు అనండి, చిర్రగోనె అనండి, మీ ఊళ్ళో ఏమంటే అది. పక్కకు తిరిగి నిలబడి, మోకాళ్ళు కొంచెం వంచి, కర్ర వెనక్కెత్తి, బిళ్ళ గాల్లోకి లేవగానే తుంటి తిప్పి కొట్టడం. గోల్ఫ్‌లో బంతి కదలకుండా ఉంటుంది, ఇక్కడ బిళ్ళ గాల్లో ఉంటుంది. అదే తేడా. మావాడికి ఈ ఆట నేర్పింది మా అమ్మాయే. మొదటి రోజు మూడుసార్లు గాలిని కొట్టాడు. నాలుగోసారి బిళ్ళ పోయి ఎదురింటి నీళ్ళ ట్యాంకుకు తగిలింది, ట్యాంకు పగల్లేదు. బిళ్ళకు రెండు వైపులా కొస ఉంటుంది, చిన్నపిల్లలను దూరంగా నిలబెట్టి ఆడించండి.

ఆ తొమ్మిదో తరగతి అబ్బాయి మొన్న మళ్ళీ వచ్చాడు. నొప్పి బాగా తగ్గింది. గొంతుక్కూర్చోమంటే మడమలు లేవకుండా కూర్చున్నాడు. ఒంటికాలి మీద కుడివైపు 30 సెకన్లు, ఎడమవైపు 22. ఇంకో ఆరు వారాలు బంతి పట్టుకోకూడదని చెప్పాను. హాస్టల్లో రోజూ మూడంతస్తులు నాలుగుసార్లు ఎక్కి దిగుతున్నాడట. ఆరు వారాలను నాలుగుకు తగ్గించమని వాళ్ళమ్మతో ఫోన్ చేయించాడు. తగ్గించలేదు.